ఎండలు ముదరకముందే పాత కారు కూలింగ్ చూసుకోండి

మారుతీ 800, జెన్, పాత ఆల్టో లాంటి బండ్లు మన ఊళ్లలో ఇంకా చాలా ఇళ్ల ముందు ఉన్నాయి. చలికాలమంతా ఏ పేచీ లేకుండా తిరిగిన బండే ఏప్రిల్ రాగానే సిగ్నల్ దగ్గర టెంపరేచర్ ముల్లు పైకి లేపుతుంది. ఆ లోపం ఏప్రిల్‌లో పుట్టింది కాదు. బయటి గాలి 25 డిగ్రీలున్నంత కాలం సగం పూడిపోయిన రేడియేటర్ కూడా నెట్టుకొస్తుంది, 44 డిగ్రీల గాలి తగిలితే చేతులెత్తేస్తుంది. అందుకే శివరాత్రి వెళ్లగానే ఈ పని పెట్టుకోండి. రోహిణి కార్తె దాకా ఆగితే మెకానిక్ కూడా దొరకడు.

ముందుగా ఒక హెచ్చరిక. వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత తిప్పకండి. గుడ్డ వేసి తిప్పినా సరే, లోపల ప్రెషర్‌తో ఉన్న నీరు ముఖం మీదికి చిమ్ముతుంది. కనీసం గంటసేపు ఆగి, పై హోస్ చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాకే మూత తీయాలి. ఫ్యాన్ దగ్గర చెయ్యి పెట్టాలంటే బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయండి. కొన్ని బండ్లలో తాళం తీసేశాక కూడా ఫ్యాన్ తిరగడం మొదలవుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. పార్ట్‌లు మార్చే ముందు, బండి ఎప్పుడు వేడెక్కుతోందో గమనించండి. సగం రోగం అక్కడే తెలిసిపోతుంది.

ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వేడెక్కి, హైవే ఎక్కగానే దిగిపోతే అది గాలి సమస్య, అంటే ఫ్యాన్. కార్బురేటర్ బండిలో (కంప్యూటర్ లేని పాత రకం) ఇగ్నిషన్ ఆన్ చేసి, వేడిని బట్టి ఫ్యాన్ వేసే స్విచ్ కనెక్టర్‌లోని రెండు వైర్లను చిన్న వైరు ముక్కతో కలపండి. ఫ్యాన్ తిరిగితే స్విచ్ పోయినట్టు. తిరక్కపోతే ఫ్యూజు, రిలే (ఫ్యాన్‌కు కరెంటు కలిపే చిన్న డబ్బా) చూసి, ఆ తర్వాత మోటారుకు నేరుగా బ్యాటరీ కరెంటు ఇచ్చి చూడాలి. ఎంపీఎఫ్‌ఐ బండిలో (పెట్రోలును ఇంజెక్టర్లు చిమ్మే రకం) ఫ్యాన్‌ను కంప్యూటర్ నడుపుతుంది కాబట్టి ఈ వైరు పరీక్ష వద్దు. అదే రకం మంచి రిలే పెట్టి చూడండి. మోటారు మార్చిన బండైతే ఇంకొకటి తప్పక చూడాలి. వైర్లు తారుమారైతే ఫ్యాన్ ఎదురు తిరిగి గాలిని ముందుకు తోస్తుంది. ఫ్యాన్ తిరిగేటప్పుడు ముందు గ్రిల్ దగ్గర కాగితం పెట్టండి, అది లోపలికి అతుక్కోవాలి.

హైవే మీద, ఎత్తు ఎక్కేటప్పుడు వేడెక్కితే నీటి ప్రవాహం చాలడం లేదు. రేడియేటర్ గొట్టాలు పూడి ఉండొచ్చు, వాటర్ పంపు రెక్కలు తుప్పుపట్టి అరిగి ఉండొచ్చు, బెల్టు జారుతూ ఉండొచ్చు. మారుతీ 800లో వాటర్ పంపును తిప్పేది ఆల్టర్నేటర్ బెల్టే. మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే 6 నుంచి 9 మిల్లీమీటర్లు దిగాలి. అంతకు మించి దిగితే బిగించాలి, పగుళ్లుంటే మార్చాలి. ఇంజిన్ వేడెక్కినా పై హోస్ కాలుతూ కింది హోస్ చల్లగానే ఉంటే థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక నీటిని రేడియేటర్‌కు వదిలే వాల్వు) తెరుచుకోవడం లేదు, లేదా రేడియేటర్ మూసుకుపోయింది.

ఏసీ వేస్తేనే వేడెక్కితే కండెన్సర్‌కూ (రేడియేటర్ ముందుండే ఏసీ జాలీ) రేడియేటర్‌కూ మధ్య సందు చూడండి. ముందు నుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది. రేడియేటర్ పై బోల్టులు వదులు చేసి కాస్త వెనక్కి వంచి టార్చి వేస్తే పురుగులు, దూది, మట్టి కలిసి దుప్పటిలా పేరుకుని కనిపిస్తాయి. ఇంజిన్ వైపు నుంచి బయటికి మామూలు పైపుతో కడగండి. వాటర్ సర్వీసింగ్ గన్ దగ్గరగా పెడితే ఫిన్‌లు (పలచటి రేకులు) వంగి గాలి దారి మూసుకుపోతుంది.

నీళ్లు తగ్గుతుంటే రోజూ పోసుకుంటూ తిరగడం మందు కాదు. అవి ఎక్కడికో పోతున్నాయి. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది, అక్కడ తడి కానీ ఎండిన రంగు చార కానీ ఉంటే పంపు సీలు పోయింది. కాళ్ల దగ్గర కార్పెట్ తడిసి తియ్యటి వాసన వస్తే హీటర్ కోర్ (డ్యాష్‌బోర్డు లోపలి చిన్న రేడియేటర్) కారుతోంది. హోస్‌ను నలిపి చూడండి: గట్టిపడినా, మెత్తగా జావలా ఉన్నా, క్లిప్పు దగ్గర ఉబ్బినా మార్చాల్సిందే. బయట ఎక్కడా తడి లేకుండా నీళ్లు మాయమైతే హెడ్ గ్యాస్కెట్‌ను (ఇంజిన్ బ్లాకుకూ పైనుండే హెడ్‌కూ మధ్య ఉండే సీలు) అనుమానించాలి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన నిమిషంలోనే పై హోస్ రాయిలా బిగుసుకోవడం, మూత తీస్తే ఆగకుండా బుడగలు రావడం, డిప్‌స్టిక్ మీద ఆయిల్ టీ రంగులోకి మారడం దాని గుర్తులు.

మూతను చాలామంది లెక్కే చేయరు. చాలా మారుతీ బండ్ల మూత మీద 0.9 అని ఉంటుంది. ఆ ప్రెషర్ నిలిస్తే లోపలి నీరు దాదాపు 118 డిగ్రీల దాకా మరగదు. రబ్బరు ఎండి ప్రెషర్ నిలవకపోతే 100కే మరిగి బయటికి పోతుంది. బండి చల్లారాక హోస్ లోపలికి పీక్కుపోయి కనిపిస్తే మూతలోని చిన్న వాల్వు పట్టేసినట్టు. కొత్త మూత కొంటే మీ పాత మూత మీదున్న అంకే ఉండాలి. ఎక్కువ ప్రెషర్‌ది పెడితే పాత హోస్‌లు, ప్లాస్టిక్ ట్యాంకు పగులుతాయి.

థర్మోస్టాట్ గురించి గట్టిగా చెప్పాలి. "మన ఎండలకు ఇది అక్కర్లేదు సార్" అని పీకి పక్కన పడేసే మెకానిక్‌లు ఊరూరా ఉన్నారు. ఒప్పుకోకండి. అది లేకపోతే ఇంజిన్ సరైన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. పైగా పూడిపోయిన రేడియేటర్ లోపం కొన్నాళ్లు కనపడకుండా దాగి, మే నెలలో ఒక్కసారిగా బయటపడుతుంది. అనుమానముంటే పరీక్షించండి. దారం కట్టి గిన్నెలోని నీళ్లలో అడుగు తగలకుండా వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి కాయండి. దాని మీద 82 అని ఉంటే 82 దగ్గర తెరుచుకోవడం మొదలై, 95కల్లా సుమారు 8 మిల్లీమీటర్లు తెరుచుకోవాలి. తిరిగి బిగించేటప్పుడు గాలి పోయే చిన్న రంధ్రం పై వైపు ఉండాలి, గ్యాస్కెట్ కొత్తది వేయాలి.

ఇక నీటి సంగతి. బోరు నీళ్లు వద్దే వద్దు. వాటిలోని ఉప్పు గొట్టాల లోపల పెచ్చుకట్టి వేడిని బయటికి పోనివ్వదు. చల్లటి ఇంజిన్ మీద పాత నీరు వదిలేసి, హీటర్ లివర్ పూర్తిగా వేడి వైపు పెట్టి, మంచి నీరు నింపి పది నిమిషాలు నడిపి, చల్లారాక మళ్లీ వదలండి. నీరు తేటగా వచ్చేదాకా ఇలాగే చేయాలి. తర్వాత కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయండి. కూలెంట్ ఒక్కటే పోస్తే ఇంకా చల్లగా ఉంటుందనుకోవడం పొరపాటు, అది నీటికన్నా తక్కువ వేడిని మోస్తుంది. రెడీమిక్స్ అయితే నీళ్లు కలపకూడదు. రెండు రకాల కూలెంట్లు కలపొద్దు. మూత తీసే ఉంచి ఇంజిన్ నడపండి. ఫ్యాన్ రెండుసార్లు వేసి ఆగేలోపు గాలి బుడగలు పోయి మట్టం దిగుతుంది, మళ్లీ నింపి మూత పెట్టండి. మర్నాడు పొద్దున ఇంకోసారి చూడండి. తీసిన పాత కూలెంట్ తియ్యగా ఉంటుంది కానీ విషం. పిల్లలకు, కుక్కలకు అందేలా వదలొద్దు, నేల మీద పారబోయొద్దు.

శ్రీశైలం, తిరుమల, అనంతగిరి ఘాట్‌లు ఎక్కేటప్పుడు ఏసీ ఆపి, చిన్న గేరులోనే ఇంజిన్‌ను కాస్త వేగంగా తిరగనివ్వండి. పెద్ద గేరులో గుంజితే పంపు నెమ్మదిగా తిరిగి వేడి నిలిచిపోతుంది. ముల్లు లేస్తే హీటర్ పూర్తిగా వేడి వైపు, బ్లోయర్ ఫుల్ పెట్టండి. చెమటలు పట్టినా కొంత వేడి క్యాబిన్‌లోకి వచ్చేస్తుంది. అయినా దిగకపోతే పక్కకు ఆపి ఇంజిన్ ఆపేయండి. పైకి లేచిన ముల్లు ఒక్కసారిగా పడిపోతే చల్లబడిందని సంబరపడొద్దు. నీరంతా పోయి సెన్సర్‌కు తగలడం లేదని అర్థం, వెంటనే ఇంజిన్ ఆపాలి. కాలుతున్న ఇంజిన్‌లో చల్లటి నీళ్లు పోస్తే అల్యూమినియం హెడ్ వంగుతుంది, పగులుతుంది కూడా. కారుతున్న రేడియేటర్‌లో పసుపు వేయడం డ్రైవర్ల పాత చిట్కా. ఇంటిదాకా చేరుస్తుందేమో కానీ, ఆ తర్వాత పూర్తిగా కడిగించకపోతే సన్న గొట్టాలు అదే పూడ్చేస్తుంది.

ఒకసారి ముల్లు ఎర్రగీత దాటి మరిగిన బండికి గ్యాస్కెట్ ఒక్కటే మార్చి పంపమనకండి. హెడ్ దింపాక దాని మీద స్కేలు పెట్టి ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలచటి రేకులు) కొలిపించండి. సందు 0.05 మిల్లీమీటర్లు దాటితే మెషిన్ షాపులో ఫేసింగ్ (అడుగు చదును) చేయించాకే బిగించాలి.