ఘాట్ ఎక్కే ముందు పాయింట్లు చూడండి

రాయగడ, కొరాపుట్ వైపు పాత 1489 సీసీ పెట్రోల్ అంబాసిడర్ ఉన్నవాళ్లు, ఘాట్‌లో బండి లాగకపోతే వెంటనే కార్బురేటర్ విప్పకండి. ముందు పాయింట్లు చూడండి, అంటే డిస్ట్రిబ్యూటర్‌లో తెరుచుకుంటూ మూసుకుంటూ స్పార్క్ పుట్టించే కాంటాక్టులు. వాటి ఫైబర్ హీల్ (తిరిగే కామ్‌కి రాసుకునే ముక్క) అరిగేకొద్దీ పాయింట్ల మధ్య గ్యాప్ తగ్గి టైమింగ్ (స్పార్క్ పడే సమయం) వెనకబడుతుంది, ఇంజిన్ కూడా వేడెక్కుతుంది.

ఇగ్నిషన్ ఆపి డిస్ట్రిబ్యూటర్ క్యాప్, రోటర్ తీయండి. టాప్ గేరులో బండిని మెల్లగా తోస్తూ పాయింట్లు పూర్తిగా తెరుచుకున్న చోట ఆపండి. పాయింట్ల ప్లేటు స్క్రూ వదులు చేసి, ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్నని రేకు) గ్యాప్ 0.38 మి.మీ. పెట్టండి. స్క్రూ బిగిస్తుంటే ప్లేటు జరుగుతుంది, అందుకే బిగించాక మళ్లీ కొలవాల్సిందే. చాలామంది వదిలేసేది ఇక్కడే! కామ్ మీద మిరియంలో సగమంత గ్రీజు చాలు. ఎక్కువైతే పాయింట్ల మీదకి చిమ్ముతుంది. గుంటలు పడిన పాయింట్లలో గేజ్ కొలత తప్పుతుంది, మార్చేయండి. కొత్తవీ త్వరగా కాలిపోతుంటే ముందు అనుమానించాల్సింది కండెన్సర్‌నే (పాయింట్ల మధ్య నిప్పురవ్వలు రాకుండా ఆపే భాగం). గ్యాప్ మారితే టైమింగ్ మారుతుంది, అదీ సరిచూడండి.