చిన్న బ్యాండ్‌సాకి ఎంత వెడల్పు బ్లేడు వేయాలి?

బల్ల మీద పెట్టుకునే 9 అంగుళాల బ్యాండ్‌సా (రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే బ్లేడుతో చెక్క కోసే మిషను, 9 అంగుళాలంటే ఆ చక్రం వ్యాసం) కొన్న కొత్తలో, అట్టపెట్టె మీద ‘గరిష్ఠం అరంగుళం’ అని చూసి నేను అరంగుళం బ్లేడే తెచ్చుకున్నాను. వెడల్పు ఎక్కువైతే కోత తిన్నగా వస్తుందని నా లెక్క. మూడంగుళాల మందం మామిడి ముక్కని రెండు పలకలుగా చీలిస్తే, పైన గీత మీదే నడిచిన బ్లేడు లోపల పొట్టలా పక్కకి వంగిపోయింది. విశాఖ మర్రిపాలెంలో మా వీధి వడ్రంగి మేస్త్రి చూసి, “అంత బ్లేడుని లాగి పట్టుకోడానికి దీనికి బలమేదీ బాబూ?” అన్నాడు. అదీ అసలు సంగతి. వెడల్పాటి బ్లేడు తిన్నగా నడవాలంటే గట్టిగా బిగించాలి. చిన్న మిషను ఫ్రేము, స్ప్రింగు ఆ బిగింపుని తట్టుకోలేవు. పెట్టె మీద రాసింది ఎక్కించగలిగే కొలత, బాగా కోసే కొలత కాదు.

1. ముందు గీసిన బొమ్మలో అన్నిటికంటే ఇరుకైన మలుపు వెతకండి. బ్లేడు పళ్ళు కాస్త అటూ ఇటూ వంచి ఉంటాయి కాబట్టి కోత సందు బ్లేడు మందం కంటే కొంచెం వెడల్పుగా పడుతుంది. బ్లేడు తిరగడానికి ఉన్న చోటు అంతే. వెడల్పు పెరిగేకొద్దీ బ్లేడు వీపు ఆ సందు గోడకి తగిలి, కాలిన వాసన వస్తుంది, బ్లేడు మెలిపడుతుంది. సుమారుగా ఏ బ్లేడు ఎంత చిన్న గుండ్రం కోస్తుందంటే:

- 3 మి.మీ.: 10 మి.మీ. వ్యాసం
- 5 మి.మీ.: 16 మి.మీ., అంటే రూపాయి బిళ్ళ కంటే చిన్నది
- 6 మి.మీ. (పావంగుళం): 32 మి.మీ.
- 10 మి.మీ.: 75 మి.మీ.
- 12 మి.మీ. (అరంగుళం): 127 మి.మీ., సీడీ కంటే కాస్త పెద్దది

నేను టేపు కూడా తీయను. పది రూపాయల బిళ్ళ 27 మి.మీ. ఉంటుంది. దాన్ని బొమ్మలో మలుపు మీద పెడతాను. మలుపు బిళ్ళ కంటే కొంచెం విశాలంగా ఉంటే పావంగుళం బ్లేడు చాలు. బిళ్ళకి సమానంగానో, ఇంకా ఇరుకుగానో ఉంటే 5 మి.మీ. బ్లేడు వేస్తాను. మొన్న పిల్లల కోసం చెక్క ఏనుగు కోశాను. వీపు, తొండం పావంగుళంతో హాయిగా వచ్చాయి, తోక దగ్గర మాత్రం తిరగనంది. ఆ ఒక్క మలుపు కోసం బ్లేడు మార్చడం ఎందుకని, బయటి అంచు నుంచి గీత దాకా నాలుగైదు గాట్లు పెట్టాను. కోస్తుంటే వృథా ముక్కలు ఒక్కొక్కటే రాలిపోయి బ్లేడుకి దారి దొరికింది.

2. ఎప్పుడూ మిషను మీద ఉండే బ్లేడుగా పావంగుళం పెట్టుకోండి. పదింట ఎనిమిది పనులు దానితో అయిపోతాయి. తిన్నటి కోతలు, పలకలు చీల్చడం ఎక్కువైతే 10 మి.మీ. తీసుకోండి. చిన్న మిషనులో అరంగుళం జోలికి నేనైతే మళ్ళీ పోను. 3 మి.మీ. బ్లేడు నాజూకు పనికే. బ్లేడు పక్కకి జరక్కుండా అటూ ఇటూ ఆనించే ఇనుప గైడ్లు దాని పళ్ళని అరగదీస్తాయి, గట్టి చెక్క దిమ్మలు పెట్టుకోవాలి.

3. పళ్ళు లెక్కపెట్టండి. చెక్క మందంలో ఎప్పుడూ కనీసం మూడు పళ్ళు ఉండాలి. అరంగుళం పలకకి అంగుళానికి 6 పళ్ళు సరిపోతాయి. 6 మి.మీ. ప్లైవుడ్‌కి 14 కావాలి. మందపాటి చెక్క చీల్చేటప్పుడు 4 పళ్ళది మేలు, లేకపోతే పళ్ళ మధ్య పొట్టు నిండి బ్లేడు వేడెక్కుతుంది.

4. బ్లేడు మందం మర్చిపోకండి. చిన్న చక్రం మీద బ్లేడు ప్రతి చుట్టులోనూ గట్టిగా వంగుతుంది. 0.64 మి.మీ. మందం బ్లేడుకి పళ్ళ మొదట్లో త్వరగా పగుళ్ళు వస్తాయి. 0.36 మి.మీ. అడగండి. పొడవు మిషను పుస్తకంలో ఉంటుంది. పుస్తకం పోతే పాత బ్లేడు మీద మార్కరుతో ఒక గుర్తు పెట్టి, నేల మీద ఒక్క చుట్టు దొర్లించి కొలవండి.

5. ఎక్కించేటప్పుడు ప్లగ్గు పీకేయండి. బ్లేడు చుట్ట విప్పేటప్పుడు చేతికి తొడుగులు వేసుకోండి, కోసేటప్పుడు మాత్రం తీసేయండి. పళ్ళు బల్ల వైపు కిందికి చూడాలి. పై గైడు 150 మి.మీ. ఎత్తులో పెట్టి వేలితో పక్కకి నొక్కితే, బ్లేడు 6 మి.మీ. దాకా వంగాలి. పక్క గైడ్లు పళ్ళ వెనకే ఉండాలి. బ్లేడు వెనక్కి జరక్కుండా ఆపే వెనక బేరింగుకి, బ్లేడుకి మధ్య విజిటింగ్ కార్డు మందం సందు చాలు.

పాత ప్యాకింగ్ పెట్టెల చెక్క కోసేవాళ్ళు ముందు మేకులు వెతుక్కోండి, ఒక్క మేకుతో కొత్త బ్లేడు పోతుంది. టేకులో సిలికా ఉంటుంది, అది పళ్ళని త్వరగా మొద్దుబారుస్తుంది. మన సముద్రపు గాలికి వారం తిరక్కుండానే బ్లేడు మీద ఎర్రటి చుక్కలు లేస్తాయి. పని అయ్యాక బిగింపు వదిలేసి, నూనె గుడ్డతో ఒకసారి తుడిచి, మళ్ళీ వాడే ముందు పొడి గుడ్డతో ఆ నూనె తీసేయండి, చెక్కకి మరక అంటకుండా.