రెండు పరికరాల పాటలను ఒకే ఆంప్లిఫయర్‌లో కలపడం ఎలా?

విజయవాడలో వినాయక చవితి మండపాల దగ్గర ఏటా ఇదే అవసరం వస్తుంది. ల్యాప్‌టాప్‌లో భక్తిగీతాలు నడుస్తూ ఉండాలి, మధ్యలో ఫోన్‌లోని పాట కూడా అదే ఆంప్లిఫయర్‌లో వినిపించాలి, ఉన్న ఆక్స్ సాకెట్ మాత్రం ఒక్కటే.

గవర్నర్‌పేటలోని ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణాల్లో 1 కిలో ఓమ్ పావు వాట్ రెసిస్టర్లు నాలుగు, 3.5 మి.మీ. స్టీరియో సాకెట్లు రెండు, పి-38 మోనో పిన్ (6.35 మి.మీ. పెద్ద పిన్) ఒకటి, కొంత షీల్డు వైరు (లోపలి తీగ చుట్టూ లోహపు అల్లిక ఉన్నది), చిన్న ఇనుప డబ్బా కొనుక్కోవాలి. రెసిస్టర్లు మెటల్ ఫిల్మ్‌వైతే మేలు, కార్బన్‌వైనా పనిచేస్తాయి. డబ్బాకు రంధ్రాలు చేసి సాకెట్లు బిగించి, రెండింటి గ్రౌండ్‌లనూ వైరు షీల్డుకు నేరుగా కలిపి సోల్డరింగ్ చేయాలి. వైర్లు మెలిపెట్టి టేపు చుట్టడం పనికిరాదు.

అసలు జాగ్రత్త ఇక్కడ కావాలి. ఒక పిన్నుకు రెండు సాకెట్లు ఉన్న రెడీమేడ్ అడాప్టర్ ఒక సిగ్నల్‌ను రెండు చోట్లకు పంచడానికే తప్ప, రెండు సిగ్నళ్లను కలపడానికి కాదు. హెడ్‌ఫోన్ అవుట్‌పుట్ నిరోధం సాధారణంగా కొన్ని ఓమ్‌లే ఉంటుంది, ఆంప్లిఫయర్ లైన్ ఇన్‌పుట్‌ది 10 కిలో ఓమ్‌లో, అంతకు మించో ఉంటుంది. అందువల్ల రెండు అవుట్‌పుట్లను నేరుగా ముడివేస్తే ఫోన్ సిగ్నల్ ఆంప్లిఫయర్‌కు బదులు ల్యాప్‌టాప్ అవుట్‌పుట్‌లోకే ఎక్కువగా పారి, శబ్దం సన్నబడి, బొంగురుపోతుంది. రెండు పరికరాల మీదా అనవసరమైన భారం పడుతుంది.

కాబట్టి ఒక పరికరపు సిగ్నల్ మరోదానిలోకి పారకుండా రెసిస్టర్లు అడ్డుకునేలా, ప్రతి సాకెట్‌లోని ఎడమ, కుడి కొనలకు విడివిడిగా ఒక్కొక్క రెసిస్టర్ చొప్పున నాలుగూ అతికించి, వాటి రెండో కొసలను మాత్రమే ఒకచోట కలిపి, అక్కడి నుంచి పి-38 పిన్ కొనకు వైరు తీసుకోవాలి. రెసిస్టర్‌కు ముందు ఏ రెండు తీగలూ తాకకూడదు. ఒకే పరికరపు ఎడమ, కుడి తీగలను నేరుగా కలిపి, ఆ ముడికి ఒకే రెసిస్టర్ పెట్టడం కూడా తప్పే, ఎందుకంటే అవి కూడా రెండు వేర్వేరు అవుట్‌పుట్లే. అలాగే స్టీరియో పాటను పి-38 స్టీరియో పిన్నుతో మిక్సర్ బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌కు ఇవ్వకూడదు. అక్కడ ఎడమ సిగ్నల్‌లోంచి కుడి సిగ్నల్ తీసివేత జరుగుతుంది గనుక, రెండింటిలో సమానంగా ఉన్న గాయకుడి గొంతు దాదాపుగా మాయమై, వెనకనున్న వాద్యాలే వినబడతాయి. మైకును, ఆంప్లిఫయర్ నుంచి స్పీకర్‌కు వెళ్లే వైర్లను ఈ డబ్బాకు అసలే తగిలించరాదు.

ఇలా కలిపినప్పుడు ప్రతి పరికరపు శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఆంప్లిఫయర్ నాబ్ కొద్దిగా పెంచితే ఆ లోటు తీరిపోతుంది. చవక మిక్సర్ కన్నా ఇదే మేలంటాను, ఎందుకంటే దీనికి వేరే కరెంటు అవసరం లేదు, కరెంటు అడాప్టర్ నుంచి వచ్చే గుయ్ శబ్దమూ ఉండదు. అయినా గుయ్‌మంటే ముందు ల్యాప్‌టాప్ చార్జర్ తీసి చూడాలి.

ఒక పరికరం పిన్ను పీకే ముందు ఆంప్లిఫయర్ వాల్యూమ్ తప్పనిసరిగా తగ్గించాలి. దాని రెసిస్టర్లు దారిలోంచి తప్పుకోగానే రెండో పరికరపు శబ్దం ఒక్కసారిగా అదే 6 డెసిబెల్స్ పెరిగి, స్పీకర్ ముందు కూర్చున్నవారి చెవులు అదిరిపోతాయి.