ఫోన్ పక్కన పెట్టడం పిల్లలకు ఎలా అలవాటు చేయాలి?

తిరుమలలో దర్శనానికి వెళ్లే కుటుంబాలన్నీ ముందుగా ఫోన్లను కౌంటర్‌లో అప్పగించి, రసీదు తీసుకుని క్యూలోకి వెళతాయి. ఆ తర్వాత కంపార్ట్‌మెంట్‌లో గంటల తరబడి కూర్చోవలసి వచ్చినా, ఇంట్లో ఫోన్ ఇవ్వకపోతే అన్నం ముట్టని పిల్లలు సైతం కాసేపు విసుక్కుని, తర్వాత పక్కవాళ్ల పిల్లలతో ఆటలో పడిపోవడం తిరుపతిలో ఉండే మేము ఎన్నోసార్లు చూశాం. అక్కడ అమ్మానాన్నల చేతుల్లోనూ ఫోన్ ఉండదు, ఎంత మారాం చేసినా అది వచ్చే దారి లేదు, పైగా బయటికి వెళ్లగానే తిరిగి దొరుకుతుందన్న భరోసా ఉంటుంది. ఇంట్లో పిల్లలకు ఫోన్ విషయంలో మంచి అలవాటు చేయాలనుకునేవారు ఈ ఏర్పాటును గుర్తుపెట్టుకుంటే చాలావరకు దారి దొరుకుతుంది.

ఫోన్ వాడటం పిల్లలకు ఎవరూ నేర్పనక్కరలేదు. వాళ్లకు రానిది ఆపడం. పుస్తకానికి చివరి పేజీ ఉంటుంది, ఆటకు చీకటి పడే వేళ ఉంటుంది. ఒక వీడియో ముగియగానే మరొకటి దానంతట అదే మొదలయ్యే తెరకు మాత్రం చివర అనేది లేదు, ఎందుకంటే చూసేవారు లేచిపోకూడదనే దాన్ని అలా తయారుచేశారు. పెద్దలే ఆగలేకపోతున్న చోట ఆరేళ్ల పిల్లవాడు ఆగలేదని కోప్పడటం న్యాయం కాదు. ఆ చివరను మనమే కల్పించి, అక్కడ ఆగడం వాడికి నేర్పాలి.

ముందుగా పెద్దల లెక్క

మొదటి వారం పిల్లల జోలికి వెళ్లవద్దు. ఫోన్ ఏయే వేళల్లో, ఎందుకోసం పిల్లల చేతికి వెళుతోందో గోడ మీది క్యాలెండర్‌లోనే రాసుకోండి. ఎక్కువ ఇళ్లలో అది పిల్లలు అడిగినందుకు కాక, పెద్దలకు వంటింట్లో పని ఉండో, అన్నం త్వరగా తినిపించాలనో, చుట్టాలతో నిదానంగా మాట్లాడాలనో ఇచ్చిందే అని తేలుతుంది. మీ వాడకాన్ని కూడా చూసుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగుల్లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ అనే చోట రోజుకు ఎంతసేపు, దేని మీద గడిపామో కనిపిస్తుంది. ఆ అంకెను పిల్లలకు దాచకుండా చూపించి, "నేను కూడా తగ్గించుకోవాలి" అని చెప్పగలిగితే రేపు పెట్టబోయే నియమానికి విలువ ఉంటుంది.

వయసును బట్టి హద్దులు తెలుసుకోవడం అవసరం. ఏడాది లోపు పిల్లలకు తెర అసలు వద్దని, రెండేళ్ల నుంచి నాలుగేళ్ల వరకు రోజుకు గంట మించకూడదని, అంతకన్నా తక్కువైతే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. మన దేశంలోని పిల్లల వైద్యుల సంఘం కూడా రెండేళ్ల లోపు వద్దనే చెబుతూ, దూరాన ఉన్న బంధువులతో అప్పుడప్పుడు వీడియో కాల్‌కు మాత్రం మినహాయింపు ఇచ్చింది. బెంగళూరులో ఉన్న పిన్ని ముఖం చూసి నవ్వడం వేరు, బొమ్మల పాటలు చూస్తూ కదలకుండా కూర్చోవడం వేరు. మాటలు నేర్చే వయసులో బిడ్డకు కావలసింది తన కేకకు బదులు పలికే మనిషి.

ఇంట్లోనే ఒక కౌంటర్

వీధి తలుపు దగ్గర అరలో ఒక బుట్ట పెట్టి, సాయంత్రం ఏడున్నర నుంచి తొమ్మిది వరకు ఇంట్లోవారి ఫోన్లన్నీ అందులోనే ఉంటాయని నిర్ణయించండి. డ్యూటీ ఫోన్లు వచ్చేవారు రింగ్ గట్టిగా పెట్టుకుని, మోగినప్పుడు అక్కడికే వెళ్లి మాట్లాడి రావాలి. రాత్రి చార్జింగ్ కూడా పడకగదిలో వద్దు. అలారం కోసం ఫోన్ కావాలనే కారణం చెప్పుకుంటున్నట్లయితే ఒక అలారం గడియారం కొనుక్కోండి. పడుకునే ముందు గంటసేపు తెర లేకపోతే పిల్లలకు నిద్ర తొందరగా పడుతుంది, పొద్దున్నే లేపడం కూడా సులువవుతుంది.

అన్నం దగ్గర

అన్నిటికన్నా కష్టమైనది ఇదే కాబట్టి దీనికి ఎక్కువ ఓపిక పట్టండి. వీడియో చూస్తూ తినే బిడ్డకు నోట్లో ఏముందో, కడుపు ఎప్పుడు నిండిందో తెలియదు. ముద్ద పెడితే మింగుతుంది, అంతే. ఒక్కసారిగా మూడు పూటలా ఆపితే ఇంట్లో యుద్ధమే జరుగుతుంది. అందువల్ల ఇల్లంతా కలిసి కూర్చునే రాత్రి భోజనంతో మొదలుపెట్టండి. మిద్దె మీద చాప పరిచి, అందరూ ఒకచోట కూర్చుని, చిన్న చిన్న సంగటి ముద్దలు చేసి కంచంలో పెట్టి, బిడ్డనే తన చేత్తో తిననివ్వండి. కింద పోసుకున్నా ఫరవాలేదు, రెండు ముద్దలు తక్కువ తిన్నా ఫరవాలేదు, ఆకలి వేస్తే మరుసటి పూట తినే తీరుతుంది.

మొదటి మూడు నాలుగు రోజులు ఏడుపు తప్పదు. ఈ రోజుల్లో ఒక్క మాట మనసులో ఉంచుకోండి: మూడో రోజు అరగంట ఏడ్చాక జాలిపడి ఫోన్ ఇచ్చేశారంటే, అరగంట ఏడిస్తే దొరుకుతుందని మీరే నేర్పినట్లు అవుతుంది, మరుసటి రోజు ఏడుపు ఇంకా సాగుతుంది. మా ఇంట్లో నేను ఈ పొరపాటు రెండుసార్లు చేసి, రెండుసార్లూ మళ్లీ మొదటికి రావలసి వచ్చింది. రాత్రి భోజనం కుదుటపడిన వారం తర్వాతే మరో పూట సంగతి చూడండి.

వేసవి సెలవుల్లో చిత్తూరు పక్క పల్లెల్లోని అవ్వాతాతల దగ్గరికి పిల్లలను పంపేవారు ఈ విషయం పెద్దలతో విడిగా మాట్లాడుకోవాలి. మనవడి ముందు అవ్వను తప్పుపడితే ఆమె మనసు నొచ్చుకుంటుంది, పిల్లవాడికి లొసుగు దొరుకుతుంది. "అత్తమ్మా, మీరు కథ చెబుతుంటే వాడు రెండు ముద్దలు ఎక్కువే తింటాడు, తినేటప్పుడు మాత్రం ఫోన్ ఇవ్వకండి" అని అడిగితే కాదనే అవ్వ ఉండదు.

ఆపడం నేర్పే పద్ధతి

గడియారం చూడటం రాని బిడ్డకు "పదిహేను నిమిషాలే" అంటే అర్థం కాదు. "ఈ ఏనుగు కథ అయిపోగానే బుట్టలో పెట్టేద్దాం" అంటే అర్థమవుతుంది. అందుకోసం యూట్యూబ్‌లో తర్వాతి వీడియో దానంతట అదే మొదలయ్యే ఆటోప్లేను ముందే ఆపివేయాలి. కాస్త పెద్ద పిల్లలైతే టైమర్ వాళ్ల చేతే పెట్టించి, ఐదు నిమిషాల ముందు ఒకసారి గుర్తుచేయండి. ఆట మధ్యలో ఉంటే ఆ లెవెల్ పూర్తి కానివ్వండి. చేతిలోంచి లాక్కోవద్దు, లాక్కుంటే పిల్లవాడు నేర్చేది గట్టిగా పట్టుకోవడమే. తానే ఆపి, తానే తెచ్చి బుట్టలో వేయాలి, ఆ వెంటనే చేయడానికి ఒక పని, పూలమొక్కలకు నీళ్లు పోయడమో, తాతతో కలిసి అంగడికి వెళ్లడమో, సిద్ధంగా ఉండాలి.

ఇక్కడే తిరుమల కౌంటర్‌లో ఇచ్చే రసీదు గుర్తుకు రావాలి. రేపు ఐదు గంటలకు ఇస్తానని చెబితే ఐదింటికి మీరే పిలిచి ఇవ్వండి. మాట తప్పే పెద్దల దగ్గర పిల్లలు దొరికినప్పుడే వీలైనంత చూసేయాలనుకుంటారు. అలాగే మార్కులు వస్తే ఫోన్, అల్లరి చేస్తే ఫోన్ బంద్ అనే బేరాలు పెట్టవద్దు, దానివల్ల అది ఇంట్లో అన్నిటికన్నా విలువైన వస్తువుగా మారిపోతుంది.

చూసేదేదో కలిసి చూడటం కూడా అవసరం. అలిపిరి దారిలోని సైన్స్ సెంటర్‌కో, వెంకటేశ్వర జంతు ప్రదర్శనశాలకో ఒక ఆదివారం తీసుకెళ్లి, అక్కడ చూసిన పక్షి పేరు, దాని కూత ఇంటికి వచ్చాక ఫోన్‌లో కలిసి వెతకండి. ప్రశ్న ముందు పుట్టి, ఆ తర్వాత ఫోన్ తెరిస్తే, జవాబు దొరకగానే మూసేయడం సహజంగా వస్తుంది.

సెట్టింగులు, జాగ్రత్తలు

గూగుల్ ఫ్యామిలీ లింక్ అనే యాప్‌తో పిల్లల ఫోన్‌కు రోజువారీ సమయం పెట్టవచ్చు, యాప్‌లకు మీ అనుమతి తప్పనిసరి చేయవచ్చు. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా మార్చండి, యూపీఐ పిన్ పిల్లలకు చెప్పకండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025లో వచ్చిన చట్టం నిషేధించిందని పెద్ద పిల్లలకు తెలియజేయండి.

అయితే సెట్టింగుల కన్నా ముఖ్యమైనది, "ఫోన్‌లో నీకు ఏం జరిగినా నాతో చెప్పు, చెప్పినందుకు ఫోన్ తీసుకోను" అని మాట ఇవ్వడం. ఫోన్ పోతుందన్న భయంతోనే పిల్లలు బెదిరింపులను దాచుకుంటారు. ఎవరైనా బెదిరించినా, డబ్బు పోయినా సందేశాలు చెరిపేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి. పిల్లల రక్షణకు 1098 ఉంది. నిద్ర, బడి, స్నేహితులు అన్నీ వదిలేసి వారాల తరబడి ఫోన్‌కే అతుక్కుపోయినట్లయితే పిల్లల వైద్యుడిని కలవండి, లేదా మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలిమానస్ 14416లో మాట్లాడండి.

జ్వరం వచ్చినప్పుడో, దూర ప్రయాణంలోనో ఈ నియమాలు తప్పుతాయి. అందుకు పిల్లలను దెప్పవద్దు. మామూలు రోజు రాగానే, సాయంత్రం ఏడున్నరకు ముందుగా మీ ఫోన్‌నే తీసుకెళ్లి బుట్టలో పెట్టండి.