శ్రీశైలం గేట్లు చూడ్డానికి వెళ్తున్నారా? నదిలోకి మాత్రం దిగొద్దు

ఎగువన వరద మొదలైందంటే చాలు, జలాశయం నిండు మట్టం 885 అడుగులకు చేరకముందే కార్లన్నీ శ్రీశైలం దారి పడతాయి. గొడుగులు, మందులు, పెట్రోలు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ వారం వాట్సాప్‌లో ఒక వీడియో వచ్చింది. డ్యామ్ దిగువన బండల మీద ఒక కుటుంబం ఫొటోలు దిగుతోంది, వెనక నీళ్లు పెరుగుతున్నాయి. ఎలాగో బయటపడ్డారు. అందుకే ఈ నాలుగు మాటలు.

"గేట్లు మూసే ఉన్నాయి కదా!" కొంప ముంచేది ఈ మాటే. 12 గేట్లూ మూసి ఉన్నా, కరెంటు తయారీ మొదలైతే నీళ్లు వచ్చేది ఆ నదిలోకే. కుడిగట్టున 7 యూనిట్లు, ఎడమగట్టున 6. ఎప్పుడు నడపాలనేది కరెంటు అవసరాన్ని బట్టి ఉంటుంది, మీ ఫొటోలు అయ్యేదాకా ఎవరూ ఆగరు.

ఇంకో సంగతి. నీళ్లు ముందుగా మీరు నిలబడ్డ బండ మీదికి రావు. మీకూ ఒడ్డుకూ మధ్య ఉన్న పల్లంలోకి వస్తాయి. మీరు డ్యామ్ వైపు చూస్తూ ఉంటారు, వెనక దారి మూసుకుపోతుంది. పాచి పట్టిన రాయి మీద పరిగెత్తలేరు. 2014 జూన్ 8న హిమాచల్‌లో లార్జి డ్యామ్ నీళ్లు వదిలినప్పుడు, బియాస్ నదిలో కొట్టుకుపోయిన 24 మంది ఇంజినీరింగ్ విద్యార్థులు మన హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లే. వాళ్లూ రాళ్ల మీద ఫొటోలు దిగుతున్నారు.

దిగొద్దు. డ్యామ్ కింది లింగాలగట్టు ఊరి జాలర్లు పుట్టి వేసుకుని తిరుగుతున్నారని అసలే దిగొద్దు, అది వాళ్లు పుట్టి పెరిగిన నీరు.

ఇక దారిలో నల్లమల అడవి. మన్ననూరు, దోర్నాల చెక్‌పోస్టులు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను వదలవు. జంతువులు రోడ్డు దాటే వేళ అది. 9 లోపు దాటెయ్యాలని ఘాట్‌లో తరుముకొచ్చే డ్రైవర్లకే నాకు పులి కన్నా ఎక్కువ భయం.

మలుపుల్లో బండి ఆపి వీడియోలు తీయొద్దు. కోతులకు అరటిపండ్లు వెయ్యొద్దు, వాటి కోసం రోడ్డెక్కి చక్రాల కింద పడుతున్నాయి. ఒంటేలుకని పొదల్లోకి వెళ్లొద్దు. పాతాళగంగలో కింద మెట్టు కనపడకపోతే అక్కడే ఆగిపోండి. తాగినవాణ్ణి నీళ్ల దగ్గరికి రానివ్వొద్దు. సైరన్ వినపడుతుందిలే అనుకోవద్దు, ఆ హోరులో పక్కవాడి కేకే వినపడదు. పిల్లాడు ఏడ్చినా సరే, బండల మీదికి దిగొద్దు. చెప్పు కొట్టుకుపోతే పోనివ్వండి. అడవిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, ఎక్కడున్నారో ఇంట్లో ముందే చెప్పండి. పొద్దుండగా అడవి దాటలేమనిపిస్తే శ్రీశైలంలోనే గది తీసుకుని పడుకోండి.