అట్టతో టామ్‌క్యాట్ – 4వ పాఠం: రెక్క తిరిగే చోటు

పోయిన పాఠంతో అమెరికా నేవీ పాత యుద్ధ విమానం టామ్‌క్యాట్ ఒంటి పని అయిపోయింది. ముక్కు నుంచి తోక దాకా 266 మి.మీ. పొడవు, కింద రెండు ఇంజన్ల మధ్య వెడల్పాటి ఖాళీ, అంతా అట్టలోకి దిగింది. ఈసారి ఒకటే పని. రెక్కలు తిరగాలి. రెండూ ఒకేసారి, ఒకే కొలతలో తిరగాలి. ఎఫ్-14 టామ్‌క్యాట్‌ని ఇష్టపడేవాళ్లు ఎక్కడున్నా ముందు చూసేది ఆ రెక్కలనే. అందుకే ఒక ఆదివారం మొత్తం దీనికే ఇవ్వండి.

రాజాం నుంచి ఇంటర్ చదివే కుర్రాడొకడు, కాశీబుగ్గ నుంచి రిటైరైన మాస్టారొకరు ఒకే ప్రశ్న అడిగారు. ప్లాస్టిక్ కిట్ కొనుక్కుంటే పోయేదానికి ఈ కొలతలూ కోతలూ ఎందుకని. కిట్‌లో రెక్క మొదట్లో పళ్ల చక్రం పోసే ఇస్తారు, మనం ఇరికిస్తే చాలు, తిరుగుతుంది. కానీ ఇరుసు అక్కడే ఎందుకుందో, పక్కకి జరిగితే ఏమవుతుందో అది చెప్పదు. అట్టతో చేసినవాడికి ఆ సంగతి చేతికి తెలుస్తుంది. ఈ పాఠాలు మొదలుపెట్టింది అందుకే.

ముందు అసలు విమానం సంగతి. డిసెంబర్ 4 నేవీ డే విన్యాసాలకి మన జిల్లాల నుంచి బస్సెక్కి విశాఖ బీచ్‌కి వెళ్లినవాళ్లు మిగ్-29కె ని చూసే ఉంటారు. నౌక మీదికి దిగే యుద్ధ విమానమే అదీ. కానీ గాలిలో ఉన్నంతసేపు దాని రెక్క ఒకే కోణంలో ఉంటుంది. డెక్ మీద చోటు కలిసిరావడానికి కొసల్ని పైకి మడుస్తారు, అంతే. టామ్‌క్యాట్ దారి వేరు. నౌక మీద దిగాలంటే వేగం బాగా తగ్గించాలి, తగ్గినా గాలిలో నిలబడాలి. దానికి పొడవుగా చాచిన రెక్క కావాలి. ధ్వనిని మించిన వేగంతో వెళ్లాలంటే అదే రెక్క అడ్డం. వెనక్కి వాలిన రెక్కయితే గాలిని తేలిగ్గా చీల్చుకుపోతుంది. గ్రమ్మన్ కంపెనీ ఇంజనీర్లు ఈ రెండు రెక్కల్నీ ఒకే రెక్కలో పెట్టారు. ముందంచు వెనక్కి వాలే కోణం 20 డిగ్రీల నుంచి 68 డిగ్రీల దాకా మారుతుంది. నౌక మీద నిలిపి ఉంచేటప్పుడు ఇంకా వెనక్కి, 75 డిగ్రీలకి తోస్తారు. అప్పుడు రెక్క తోకరెక్క మీదికి వచ్చి కూర్చుంటుంది. పైకి మడిచే ఏర్పాటు దీనికి అక్కర్లేకపోయింది.

ఈ కోణాన్ని మామూలుగా పైలట్ మార్చడు. వేగాన్నీ ఎత్తునీ బట్టి లోపలి కంప్యూటరే మారుస్తుంది. అవసరమైతే పైలట్ తన చేతుల్లోకి తీసుకోవచ్చు. ఆ కంప్యూటర్ కోసం చేసిన చిప్‌ల పని 1970కల్లా పూర్తయింది. తొలి మైక్రోప్రాసెసర్లలో వాటినీ లెక్కేయాలని వాదించేవాళ్లున్నారు. 1998 దాకా రహస్యంగా ఉంచడంతో ఆ పని చేసినవాళ్లకి రావాల్సిన పేరు చాలా ఆలస్యంగా వచ్చింది. నాకు ఈ విమానం మీద ఇష్టం రెట్టింపైంది ఈ సంగతి చదివాకే.

ఇక కొలతలు. రెక్కలు పూర్తిగా విప్పితే అసలు విమానం అడ్డం కొలత 19.54 మీటర్లు, 68 డిగ్రీలకి ముడిస్తే 11.65 మీటర్లు. మనం చేసేది 1:72 కాబట్టి 72తో భాగించండి. విప్పితే 271 మి.మీ., ముడిస్తే 162 మి.మీ. ఈ రెండు అంకెలూ అట్ట మూలన రాసి పెట్టుకోండి. ఈ పాఠమంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

మధ్యగీత నుంచి రెండు వైపులా 38 మి.మీ. దూరంలో చుక్క పెట్టండి. అదే ఇరుసు. ఆ చుక్క మీదుగా మధ్యగీతకి అడ్డంగా పెన్సిల్ గీత గీసి, దానికి 17 డిగ్రీలు వెనక్కి వాలేలా ఇంకో గీత గీయండి. ఆ వాలు గీత మీద ఇరుసు నుంచి 102 మి.మీ. కొలిస్తే రెక్క కొస వస్తుంది. కొసకి 10 మి.మీ. ముందు నుంచి లోపలికి, అడ్డగీతతో 20 డిగ్రీల కోణంలో ముందంచు గీయండి. అది ఇరుసుకి సుమారు 15 మి.మీ. ముందుగా పోతుంది. ఇరుసు దగ్గర రెక్క వెడల్పు 42 మి.మీ., కొస దగ్గర 16 మి.మీ. పెట్టుకుంటే ఆకారం చక్కగా వస్తుంది. రెండో రెక్కని విడిగా గీయొద్దు. మొదటిదాన్ని కోసి, బోర్లా తిప్పి, దాని చుట్టూ గీసుకోండి.

ఇప్పుడే జిగురు తీయకండి. థర్మాకోల్ షీటు మీద ఒంటి అట్ట పెట్టి, రెక్కల్ని ఇరుసు చుక్కల దగ్గర గుండుసూదులతో గుచ్చండి. విప్పి స్కేలుతో కొలవండి, ముడిచి కొలవండి. 271, 162 వస్తే మంచిదే. ఒకటి రెండు మి.మీ. తేడాని పట్టించుకోవద్దు. అంతకన్నా ఎక్కువుంటే తేడా ఎటు పోయిందో చూడండి. రెండు కొలతలూ ఒకే అంత పెరిగితే ఇరుసులు బయటికి జరిగాయి, రెక్క మాత్రం సరిగానే ఉంది. విప్పినప్పుడు 271 సరిపోయి, ముడిచినప్పుడు 169 వచ్చిందనుకోండి. ఇరుసు ఒక్కొక్కటీ సుమారు 6 మి.మీ. బయటికి పోయింది, రెక్క ఆ మేరకు పొట్టిదైంది. ఒక తప్పు ఇంకో తప్పుని కప్పేసింది కాబట్టి విప్పినప్పుడు కనపడలేదు. ముడిచి కొలవకుండా జిగురు పెట్టకూడదని చెప్పేది ఇందుకే.

రెండు రెక్కలూ కలిసి తిరగడం ఎలా? అసలు విమానంలో ఒక్కో రెక్కనీ హైడ్రాలిక్ మోటారుతో తిరిగే మరకడ్డీ తోస్తుంది. ఒకటి ముందు, ఒకటి వెనక కాకుండా రెండింటినీ ఒక షాఫ్ట్ కలుపుతుంది. ఆ కలిపే ఏర్పాటు పాడైతే విమానం ఏమవుతుందో తేల్చుకోవడానికి గ్రమ్మన్ వాళ్లు రెండు రెక్కల్నీ కావాలనే వేర్వేరు కోణాల్లో పెట్టి గాలిలో ఎగరేసి చూశారు. విమానం అదుపులోనే ఉంది. మన అట్టలో షాఫ్ట్ పని దారం చేస్తుంది.

దారం చుట్టుకునే బిళ్లలకి శుభలేఖ అట్ట బాగుంటుంది. 20 మి.మీ. అడ్డం కొలత ఉన్న బిళ్లలు కోసి, రెండేసి కలిపి అంటించి, రెక్క అడుగున ఇరుసు చుక్కకి సరిగ్గా నడుమన అతికించండి. దారం ఆ బిళ్లల చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో పోవాలి. మామూలు చుట్టలా వేస్తే రెక్కలు రెండూ ఒకే వైపు తిరుగుతాయి, ఒకటి ముందుకొస్తే ఇంకోటి వెనక్కి పోతుంది. మధ్యలో అడ్డంగా దాటిస్తేనే ఎదురెదురుగా తిరుగుతాయి. రెక్కల్ని సుమారు 45 డిగ్రీల దగ్గర నిలిపి, దారం బిగించి, ఒక్కో బిళ్ల బయటి అంచున ఒక్క చోట జిగురు చుక్క పెట్టండి. రెక్క తిరిగేది అటూ ఇటూ ముప్పై డిగ్రీల లోపే కాబట్టి ఆ చుక్క ఎప్పుడూ దారం కిందే ఉంటుంది.

దారం ఎంపికలో జాగ్రత్త. కుట్టుమిషన్ నూలుదారం మన కోస్తా చెమ్మకి రోజుకో బిగువు చూపిస్తుంది. కళింగపట్నం, భావనపాడు వైపు వాళ్లకి వల అల్లే సన్న నైలాన్ దారం తేలిగ్గా దొరుకుతుంది, అది తీసుకోండి. నైలాన్ ముడి జారుతుంది. రెండు ముడులేసి, మిగిలిన కొసని అగరుబత్తి నిప్పుకి తగిలిస్తే చిన్న గుండులా కరిగి నిలుస్తుంది.

ఇరుసుకి అయిపోయిన బాల్‌పెన్ రీఫిల్ వాడండి. గుండుసూది నాలుగుసార్లు తిప్పేసరికి అట్ట రంధ్రాన్ని కొరికి పెద్దది చేస్తుంది, రెక్క వేలాడుతుంది. రీఫిల్ గొట్టం లావుగా ఉంటుంది కాబట్టి అట్ట అరగదు. లోపల సిరా మిగలకుండా కడిగి, అడుగు అట్ట, బిళ్ల, రెక్క, పైన భుజం అట్ట, అన్నీ దాటి రెండు వైపులా ఒక్కో మి.మీ. మిగిలేలా కోయండి. ఆ అంచుల్ని వేడి చేసిన సూదితో నొక్కితే విచ్చుకుని కూర్చుంటాయి. పిల్లలుంటే ఈ ఒక్క పనీ పెద్దవాళ్లు చేయాలి, గాలి ఆడే చోట చేయాలి. భుజం అట్టకీ అడుగు అట్టకీ మధ్య, రెక్క తిరిగే దారి వదిలేసి, అట్టముక్కల పొరలు పెట్టండి. ఎత్తు బిళ్ల, రెక్క రెండూ కలిసినంత కన్నా కాగితమంత ఎక్కువ ఉండాలి. తక్కువైతే రెక్క పట్టేస్తుంది. వానాకాలంలో చేస్తే రెండు కాగితాలంత వదలండి, అట్ట ఉబ్బుతుంది.

ఈ విమానం మొదటిసారి గాలిలోకి లేచింది 1970 డిసెంబర్ 21న. అమెరికా నేవీ దీన్ని 2006 సెప్టెంబర్‌లో విరమింపజేసింది. మొత్తం 712 తయారైతే, అమెరికా కాక వీటిని కొన్న దేశం ఇరాన్ ఒక్కటే. విడిభాగాలు ఇరాన్ చేతికి చేరతాయన్న భయంతో పక్కన పెట్టిన విమానాల్లో చాలావాటిని అమెరికా యంత్రాల్లో వేసి ముక్కలు చేయించింది. మ్యూజియాల్లో ఉన్నవి మిగిలాయి. అయితే అక్కడ రెక్క కదలదు, ఏ కోణంలో నిలిపారో ఆ కోణంలోనే ఉంటుంది. రెక్క ముడుచుకోవడం చూడాలంటే పాత వీడియోలు చూడాలి, లేదంటే ఇలా చేతితో తిప్పి చూడాలి.

వచ్చే పాఠంలో జంట తోకలు, ల్యాండింగ్ హుక్. ఈలోగా రెక్కలు ఒక యాభై సార్లు తిప్పి మళ్లీ కొలవండి. 271 అలాగే ఉండి 162 మాత్రం మారితే దారం సాగింది, జిగురు చుక్క వదిలించి మళ్లీ బిగించండి. 75 డిగ్రీలకి తోసినప్పుడు కొస నుంచి కొసకి సుమారు 140 మి.మీ. రావాలి. ఆ కొలత ఎంత వచ్చిందో రాసి పెట్టుకోండి, తోకరెక్క ఎంత ఎత్తున అతికించాలో దాన్ని దగ్గర పెట్టుకునే చూస్తాం.