కోడ్ రాయబోతే చెయ్యి ఆగిపోతోందా? సమస్య - పరిష్కారం

సమస్య: క్లాసులో అంతా అర్థమవుతుంది. లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించడం) తెలుసు, కండిషన్ (ఇలా అయితే ఇది చెయ్యి అనడం) తెలుసు. "ఈ లిస్టులో రెండో పెద్ద సంఖ్య ఏది?" అని ప్రోగ్రాం రాయమంటే మాత్రం ఖాళీ స్క్రీన్ ముందు కూర్చుండిపోతారు.

కారణం: పద్ధతి తేలకముందే కీబోర్డు మీద చెయ్యి వేయడం. 9, 4, 7 చూడగానే కన్ను 7 అని చెప్పేస్తుంది. ఎలా చెప్పిందో మనం గమనించం. కంప్యూటర్‌కి కావలసింది ఆ 'ఎలా'.

పరిష్కారం: సంఖ్యలను చీటీల మీద రాసి బోర్లించండి. ఒక్కొక్కటే తిప్పి చూసి, మళ్లీ బోర్లించేయండి. ఇప్పుడు మనసులో ఏం పెట్టుకుంటున్నారు? రెండే: ఇప్పటిదాకా చూసినవాటిలో పెద్దది, దాని తర్వాతది. అవే మీ వేరియబుల్స్, అంటే విలువలు దాచుకునే గడులు. కొత్త చీటీ పెద్దదాన్ని మించితే, పాత పెద్దది రెండో స్థానానికి దిగుతుంది. మించకపోతే రెండోదానితో పోల్చాలి; దాన్ని మించితే రెండో స్థానం కొత్త చీటీదే. కోడ్‌లో రాయాల్సింది ఈ రెండు వాక్యాలే. చీటీలు లేకుండా నేను ఈ లెక్క ఎవరికీ చెప్పను.

ఇలా ఆలోచించడాన్ని కంప్యుటేషనల్ థింకింగ్ అంటారు. 2006లో కంప్యూటర్ శాస్త్రవేత్త జెనెట్ వింగ్ రాసిన వ్యాసంతో ఈ మాట బాగా వ్యాపించింది. ఇది ప్రోగ్రామర్లకే కాదు, అందరికీ కావాలని ఆమె వాదన. నాదీ అదే నమ్మకం.

సమస్య: 4, 9, 7 ఇస్తే 7 అని సరిగ్గానే వచ్చింది. 9, 4, 7 ఇస్తే 9 అంటోంది.

కారణం: మొదట్లో రెండు వేరియబుల్స్‌లోనూ మొదటి సంఖ్యే వేశారు. 9ని ఏదీ మించలేదు కాబట్టి రెండోది కదల్లేదు. పోనీ సున్నాతో మొదలుపెడదామా? -5, -2, -9 ఇచ్చి చూడండి, లిస్టులోనే లేని సున్నా జవాబుగా వస్తుంది.

పరిష్కారం: మొదటి రెండు చీటీలనూ పోల్చి, పెద్దదాన్ని మొదటి వేరియబుల్‌లో, చిన్నదాన్ని రెండోదాంట్లో వేయండి. మూడో చీటీ నుంచి లూప్ నడపండి. ఆ తర్వాత డ్రై రన్ తప్పనిసరి: ఒక్కో వేరియబుల్‌కి ఒక్కో గడి గీసి, ప్రతి అడుగులో విలువ మార్చి రాయండి. తప్పు ఏ వరుసలో దూరిందో అక్కడే దొరుకుతుంది.

7, 7, 5 ఇస్తే జవాబు 7 అవుతుందా, 5 అవుతుందా? ఇది కోడ్ తేల్చే సంగతి కాదు, ప్రశ్న ఇచ్చినవాళ్లనే అడగాలి. 5 కావాలంటే ముందు రిపీట్ అయినవి తీసేయాలి.

సమస్య: లిస్టులో రెండుసార్లు పడ్డ పేర్లు వెతికే ప్రోగ్రాం 100 పేర్లకు వెంటనే పనిచేసింది. లక్ష పేర్లకు ఎంతసేపటికీ తేలడం లేదు.

కారణం: ప్రతి పేరునూ మిగతా అన్నిటితో పోలుస్తోంది. లక్ష పేర్లకు దాదాపు 500 కోట్ల పోలికలు.

పరిష్కారం: ముందు అక్షరక్రమంలో సర్దండి. మెర్జ్ సార్ట్ లాంటి వేగమైన సర్దే పద్ధతి వాడితే, అందుకు పట్టేది సుమారు 17 లక్షల పోలికలే. ఒకే పేర్లు పక్కపక్కకు వచ్చేస్తాయి కనుక, ఇక ప్రతి పేరునూ దాని పక్కదానితో పోల్చుకుంటూ పోతే చాలు.